ఇచ్చే ముందు ఒక్క మాట అడగండి

చెల్లెళ్ళూ,

ఈ వారం ఊరగాయ జాడీలనీ, అల్మరాలో చెదలనీ కాస్త పక్కన పెడదాం. ఒక ఉత్తరం వచ్చింది. దాని గురించి మాట్లాడుకుందాం.

"పిల్లలు బడికీ, మావారు ఆఫీసుకీ వెళ్ళాక పదకొండు నుంచి మూడున్నర దాకా ఇంట్లో నేనూ, గోడ గడియారమూ మిగులుతాం. ఎవరికైనా పనికొచ్చే పని ఏదైనా చెయ్యాలని ఉంది. కానీ నా చేతిలో డబ్బు ఆడదు. బయటికి వెళ్ళి పని చేసిన అలవాటు లేదు. చదువు ఇంటర్ దాకానే. నాలాంటి దానివల్ల ఎవరికి ఏం ఉపయోగం చెప్పండి?"

ఆ చివరి మాట చదివి నొచ్చుకున్నాను. రోజుకి నాలుగున్నర గంటలు చేతిలో ఉన్న మనిషి, నలుగురికి వండి వడ్డించడం తెలిసిన మనిషి, తనవల్ల ఏం ఉపయోగం అంటుందేమిటి! అయితే ఆవిడకి జవాబు చెప్పే ముందు, ఈ విషయంలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి మీకు చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్తాను.

నా పూర్ణాల కథ

మా అమ్మాయి ఎనిమిదో పుట్టినరోజు. ఇంట్లో చేస్తే ఖర్చు, గోల. "ఏదైనా ఆశ్రమంలో పిల్లలకి భోజనం పెడదాం" అన్నారు మావారు. నాకూ నచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి నలభై మందికి పులిహోర కలిపాను, పూర్ణాలు వేశాను. నడుం పడిపోయిందనుకోండి. అయినా మనసు తేలిగ్గా ఉంది, పుణ్యం మూటగట్టుకుంటున్నట్టు.

పిల్లలు వరసగా కూర్చున్నారు. మా అమ్మాయికి పాట పాడారు. చేతులు జోడించి దండం పెట్టారు. తీరా వడ్డించాక విస్తట్లో పూర్ణాలని అటూ ఇటూ కదిపారే గానీ తినలేదు. నాకు మొహం చిన్నబోయింది. చప్పగా ఉన్నాయా? సరిగా వేగలేదా? ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్ళి అక్కడి వంటామెని అడిగాను.

"మీ వంటకేం వంక లేదమ్మా" అందామె. "పొద్దున్నే ఒకరు కేకూ, జిలేబీలూ తెచ్చారు. పదకొండింటికి ఇంకొకరు బిర్యానీ పొట్లాలు పంచారు. రాత్రికి ఎవరో పరమాన్నం తెస్తామన్నారు. ఆదివారం కదా! వద్దంటే ఇచ్చేవాళ్ళు నొచ్చుకుంటారు."

"మరి రేపు?"

"రేపు సోమవారం. చారూ అన్నం."

"ఇంకేమైనా ఇబ్బంది ఉందా? ఏం కావాలి పిల్లలకి?" అన్నాను. ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అడిగారు గనక చెప్తున్నాను. పెద్దపిల్లలు పదిహేనుమంది ఉన్నారు. నెలనెలా వాళ్ళకి ప్యాడ్లు చాలవు. అవి ఎవరూ తేరు. పేలమందు, పేల దువ్వెన్లు, కొత్త లోదుస్తులు, కొబ్బరినూనె... ఇవీ తేరు. ఎనిమిదో తరగతి పిల్లలకి సాయంత్రం లెక్కలు చెప్పే దిక్కు లేదు."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. కానీ ఆ పిల్లలు అడగగలిగిన చోట లేరు. అలాంటప్పుడు పెట్టేవాళ్ళమే అడగాలి. నాలుగింటికి లేచి వంట మొదలుపెట్టిన నాకు, ముందురోజు ఫోను చేసి "ఏం తెమ్మంటారు?" అని అడగాలన్న ఆలోచనే రాలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. మేం బయల్దేరుతుంటే ఓ పదేళ్ళ పిల్ల నా కొంగు పట్టుకుంది. "ఆంటీ, మళ్ళీ వస్తారా?" అంది. "వచ్చే ఆదివారమే వస్తాను" అన్నాను. అనడం ఎంతసేపు! ఆ ఆదివారం అత్తగారికి జ్వరం. తర్వాత పిల్లల పరీక్షలు. ఆ తర్వాత పండగ. నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కేసరికి నాలుగు నెలలైంది. ఆ పిల్ల నన్ను గుర్తుపట్టింది. దగ్గరికి మాత్రం రాలేదు. నేనే వెళ్ళి పలకరిస్తే, తల వంచుకుని, "ఆ ఆదివారం నేను జడ వేయించుకుని కూర్చున్నాను" అంది. అంతే.

అప్పటినుంచి నేను రెండే సూత్రాలు పెట్టుకున్నాను. ఇచ్చే ముందు అడగడం. వస్తానంటే వెళ్ళడం. ఉత్తరం రాసిన చెల్లెలికీ, మీకూ నేను చెప్పేది ఇదే. మిగతావన్నీ ఈ రెండింటిలో నుంచి పుట్టేవే.

బట్టల మూట

పండగ ముందు అల్మరా సర్దుతాం. పొట్టివైనవీ, రంగు వెలిసినవీ మూటకట్టి "ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటాం. ఇల్లు ఖాళీ చేసుకోవడం వేరు, దానం వేరు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు తమిళనాడు తీరానికి లారీలకొద్దీ పాతబట్టలు చేరాయి. సర్వం పోగొట్టుకున్న ఆ జాలరి కుటుంబాలకి పనికిరానివీ, వాళ్ళు కట్టుకోనివీ అందులో ఎన్నో. అవి రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం అప్పట్లో పత్రికల్లో చూశాం. ఆపదలో ఉన్నా మనిషికి అభిమానం ఉంటుందన్నది మనం మరిచిపోయాం.

బట్ట ఇచ్చేటప్పుడు నేను ఒక్క ప్రశ్న వేసుకుంటాను. ఇది మా చెల్లెలికి ఇవ్వగలనా? ఇవ్వగలిగితే ఉతికి, ఇస్త్రీ చేసి పెడతాను. చీరకి జాకెట్టు జతచేస్తాను. లంగాకి బొందు ఉందా, చొక్కాకి గుండీలన్నీ ఉన్నాయా చూసి, లేకపోతే కుట్టి ఇస్తాను. పిల్లల బట్టలైతే ఏ వయసుకి సరిపోతాయో చీటీ రాసి పెడతాను. తీసుకునేవాళ్ళకి సగం పని తగ్గుతుంది.

చెల్లెలికి ఇవ్వలేనివి ఉంటాయి కదా, వాటికీ దారి ఉంది. 1999లో ఢిల్లీలో మొదలైన గూంజ్ అనే సంస్థ పాత నూలుబట్టని శుభ్రం చేసి, నెలసరి ప్యాడ్లుగా కుట్టించి పల్లెటూళ్ళకి పంపుతుంది. ఆ సంస్థ పెట్టిన అంశు గుప్తాకి 2015లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. మన దగ్గర వృద్ధాశ్రమాల్లో మంచం పట్టిన పెద్దవాళ్ళ కింద పరవడానికి మెత్తటి పాత పంచెలు, దుప్పట్లు అడుగుతూ ఉంటారు. అన్నిచోట్లా అడగరు. అందుకే ఫోను చేసి కనుక్కోమంటున్నాను.

అవసరం రోజురోజుకీ మారుతుందని కూడా గుర్తుంచుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకి కాలనీలు మునిగినప్పుడు మొదటి రోజుల్లో కావలసింది అన్నం పొట్లాలు, మంచినీళ్ళు, పసిపిల్లలకి పాలు. నీళ్ళు తీశాక ఇళ్ళనిండా బురద. ఆ బురద కడగడానికి ఫైరింజన్లు రావలసివచ్చింది. అప్పుడు ఇల్లాలికి కావలసింది పులిహోర కాదు. చీపుర్లు, ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, తడవని ఒక దుప్పటి. ఇల్లు నడిపే మనకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కాస్త ఆ ఇంటి గుమ్మంలో మనల్ని నిలబెట్టుకుని ఆలోచిస్తే చాలు.

అన్నం పెట్టాలంటే

మన తెలుగు ఇళ్ళలో అన్నం పెట్టడమంటే ముందుగా గుర్తొచ్చేది డొక్కా సీతమ్మగారు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆవిడ గోదావరి లంకల్లో ఒక మామూలు గృహిణి. ఆవిడ గొప్పతనం ఎన్ని రకాలు వండిందన్నదాంట్లో లేదు. ఆకలితో ఉన్నవాడు ఏ వేళకి వస్తే ఆ వేళకి లేచి వండిపెట్టడంలో ఉంది. వేళ ఆవిడది కాదు, వచ్చినవాడిది. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో ఆవిడ పేరు పెట్టారు.

మనం అర్ధరాత్రి లేవక్కర్లేదు లెండి. పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో ఆశ్రమంలో భోజనం పెట్టాలనుకుంటే, "మీకు ఎవరూ రాని రోజు ఏది?" అని అడగండి. చాలాచోట్ల మంగళవారమో బుధవారమో అంటారు. పుట్టినరోజు ఆదివారమైతే ఆదివారం ఇంట్లో పాయసం చేసుకుని, బుధవారం అక్కడికి భోజనం పంపండి. పాపాయికేం తరుగు పడదు. 2009 నుంచి మన దేశంలో ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు దాన్ ఉత్సవ్ జరుపుతున్నారు. మంచిదే. కానీ ఆ వారం అందరూ వస్తారు. మీరు నవంబరులో వెళ్ళండి.

వృద్ధాశ్రమమైతే మరో జాగ్రత్త. అక్కడ చాలామందికి షుగరు ఉంటుంది, కొందరికి పళ్ళుండవు. మనం ప్రేమగా బూరెలు, గారెలు పట్టుకెళ్తే వాళ్ళు చూసి నిట్టూర్చాలి. మెత్తటి పప్పు, సొరకాయ కూర, పల్చటి మజ్జిగ అయితే తృప్తిగా తింటారు.

పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం మర్నాడు పొద్దున పంపడం మాత్రం వద్దు. వండిన పదార్థం మన ఎండలకి రెండు గంటలు దాటితే నమ్మలేం. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి అసలే ఆగవు. మిగులుతుందని తోస్తే వడ్డన జరుగుతుండగానే కబురు పెట్టాలి. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్‌హుడ్ ఆర్మీ కుర్రాళ్ళు మన హైదరాబాదులోనూ పనిచేస్తున్నారు. వాళ్ళు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు, మిగిలిన మంచి భోజనాన్ని తీసుకెళ్ళి పంచుతారు. డబ్బా మీద ఎన్నింటికి వండారో రాసిపెట్టడం మన వంతు.

ఇక చేతిలో డబ్బాడదన్న చెల్లెలికి పాత పద్ధతి ఒకటి చెప్తాను. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు పక్కన డబ్బాలో వెయ్యడం. గుప్పెడంటే సుమారు యాభై గ్రాములు అనుకోండి. నెలకి కిలోన్నర. మీ వాటాలో, మీ వీధిలో పది ఇళ్ళు కలిస్తే పదిహేను కిలోలు. ఇంటి ఖర్చులో ఎవరికీ తెలియనుకూడా తెలియదు. 2014లో హైదరాబాదు పాత్రికేయురాలు మంజులత కళానిధి రైస్ బకెట్ చాలెంజ్ అని పిలుపిచ్చి, బకెట్టు బియ్యం అవసరమున్నవాళ్ళకి ఇవ్వమన్నారు. మనకి బకెట్టు కుదరకపోతే గుప్పెడు. తేడా ఏముంది?

మీ మధ్యాహ్నాలు

డబ్బు కంటే, బియ్యం కంటే ఈ ఉత్తరం రాసిన చెల్లెలి దగ్గరున్న పెద్ద ఆస్తి ఆ నాలుగున్నర గంటలు.

మా పక్కవాటా వదినగారు ఇంటర్ చదివారు. కంటిచూపు లేని ఒక డిగ్రీ అమ్మాయికి తెలుగు పుస్తకాలు చదివిపెట్టేవాళ్ళు కావాలని విని, వారానికి మూడు మధ్యాహ్నాలు ఫోనులో పాఠాలు చదివి రికార్డు చేసి పంపడం మొదలుపెట్టారు. నెల తర్వాత ఆ అమ్మాయి ఫోను చేసింది. "అత్తయ్యా, మూడో పాఠంలో మీ కుక్కరు నాలుగు కూతలు కూసింది. ఆ రోజు పప్పు మెత్తగా ఉడికే ఉంటుంది" అని నవ్విందట. వదినగారికి మొహమాటం వేసింది. "ఈసారి గది తలుపేసుకుంటానమ్మా" అన్నారు. "వద్దత్తయ్యా, హాస్టల్లో ఉన్న నాకు ఇంట్లో కూర్చుని చదువుకుంటున్నట్టుంది" అందా అమ్మాయి. మీ ఊళ్ళో అంధుల పాఠశాలో, కళాశాల హాస్టలో ఉంటే వెళ్ళి అడగండి. స్పష్టంగా చదవగలిగితే చాలు, పెద్ద చదువులు అక్కర్లేదు.

మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి సంతకం వచ్చా? బస్సు బోర్డు చదవగలదా? అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022లో ఐదేళ్ళకిగాను మొదలుపెట్టిన ఉల్లాస్ పథకంలో పదిహేనేళ్ళు దాటి చదువు రానివాళ్ళకి వాలంటీర్లే పాఠాలు చెప్తారు. జీతం ఉండదు. వివరాలకి మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. నాలుగు అక్షరాలు నేర్పితే ఏమొస్తుందని తీసిపారెయ్యకండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో ఇలాగే వాలంటీర్లు సాయంత్రాలు అక్షరాలు దిద్దించారు. ఆ తరగతుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్ళు 1992లో ఏకమై తమ ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ కథ పక్క ఊళ్ళ తరగతుల్లో పాఠమైంది. ఆఖరికి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఆ వాలంటీర్లు చేసిందల్లా సాయంత్రం రెండు గంటలు తప్పకుండా వెళ్ళడమే.

'తప్పకుండా' అన్న మాట కింద నేను గీత గీస్తాను. వారానికి ఐదు రోజులు వస్తానని చెప్పి నెలకే మానెయ్యడం కంటే, నెలకి రెండు శనివారాలు వస్తానని చెప్పి ఏడాదంతా వెళ్ళడం మేలు. రాలేని రోజు ముందే ఫోను చేసి చెప్పండి. మన కోసం జడ వేయించుకుని ఎవరైనా కూర్చుని ఉండవచ్చు.

మన ఒంట్లోనే ఉన్న దానం

తలసీమియా అనే జబ్బున్న పిల్లలకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఒకసారి కాదు, బతికినన్నాళ్ళూ. హైదరాబాదులో ఇలాంటి పిల్లల కోసమే 1998 నుంచి తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. రక్తం కర్మాగారంలో తయారుకాదు. ఇంకొకరు ఇవ్వాల్సిందే. వేసవిలో కాలేజీలకి సెలవులు, శిబిరాలు తగ్గుతాయి, పిల్లలకి మాత్రం రక్తం కావలసిన తేదీ మారదు. కాబట్టి మే నెలలో ఇచ్చిన సీసాకి విలువెక్కువ.

నేను ఉత్సాహంగా ఇవ్వడానికి వెళ్ళాను. వేలు గుచ్చి చూసి, "మీకు హిమోగ్లోబిన్ 10.8 ఉందండీ, ముందు మీ ఆరోగ్యం చూసుకోండి" అని కాఫీ ఇచ్చి పంపేశారు. ఇవ్వాలంటే కనీసం 12.5 ఉండాలి. వయసు 18 నిండాలి, బరువు 45 కిలోలకి తగ్గకూడదు. కడుపుతో ఉన్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఇవ్వకూడదు. ఆడవాళ్ళం నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అంటే నాలాగా వెనక్కి వచ్చేవాళ్ళే ఎక్కువన్నమాట! అందరికీ వడ్డించి అడుగున మిగిలింది తినే మన అలవాటు ఎక్కడ తేలిందో చూశారా?

డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాశారు. భోజనంతోపాటు కాఫీ, టీ తాగడం మానేసి గంట ఎడం ఇచ్చాను. తోటకూర వేపుడు మీద నిమ్మకాయ పిండుకున్నాను. పులుపు తోడైతే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. ఆరు నెలలకి 12.8 వచ్చింది. రక్తం ఇచ్చి వచ్చిన రోజు మా అత్తగారు నాకు ముందు వడ్డించారు. ఆ ముచ్చట కూడా తీరింది.

రక్తం ఇవ్వలేనివాళ్ళు బాధపడక్కర్లేదు. పోయాక కళ్ళు ఇవ్వవచ్చు. అద్దాలు పెట్టుకునేవాళ్ళూ, శుక్లాల ఆపరేషను అయినవాళ్ళూ, షుగరు ఉన్నవాళ్ళూ కూడా ఇవ్వవచ్చు. ప్రాణం పోయిన ఆరు గంటల్లోగా తీసుకోవాలి. అప్పటిదాకా రెప్పలు మూసి, ఫ్యాను ఆపి, కళ్ళమీద తడిదూది ఉంచాలి. కార్డు మీద సంతకం పెట్టి బీరువాలో దాస్తే లాభం లేదు, ఆ వేళ ఫోను చేయాల్సింది ఇంట్లోవాళ్ళు. ఈ రాత్రి భోజనాల దగ్గరే చెప్పి ఉంచండి. బాలింతల్లో పాలు ఎక్కువగా పడేవాళ్ళు ఉంటారు. హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో తల్లిపాల బ్యాంకు పెట్టారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి ఆ కాసిని పాలే ఊపిరి.

డబ్బు ఇచ్చేముందు

గుమ్మంలోకి రసీదు పుస్తకం పట్టుకుని వచ్చిన ప్రతివాళ్ళకీ, ఫోనులో ఏడుపుగొంతుతో అడిగిన ప్రతివాళ్ళకీ ఇవ్వకండి. కూరగాయలు ఏరి ఏరి కొనే మనం ఇక్కడ మాత్రం కళ్ళు మూసుకోవడమెందుకు? నేను చూసుకునేవి ఇవి:

ఒకసారి స్వయంగా వెళ్ళి చూడండి, అదీ మామూలు రోజున. వంటిల్లు, మరుగుదొడ్డి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

పిల్లల ఆశ్రమమైతే 2015 బాలల న్యాయ చట్టం కింద రిజిస్టరు అయి ఉండాలి. ఆ కాగితం చూపించమనడంలో తప్పులేదు. స్వచ్ఛంద సంస్థల వివరాలకి ప్రభుత్వం వారి దర్పణ్ జాబితా కూడా ఉంది.

డబ్బు సంస్థ పేరున ఉన్న ఖాతాలోకే పంపండి. వ్యక్తి పేరున వద్దు. రసీదు తీసుకోండి. పన్ను రాయితీ కావాలంటే నగదుగా ఇచ్చేది 2,000 రూపాయలు మించకూడదు. ఆ రాయితీ కూడా పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకే.

మీరు సాయం చెయ్యడానికి వెళ్తే వాళ్ళు మీ గుర్తింపు కార్డు అడగవచ్చు. కోపం తెచ్చుకోకండి. అడిగే ఆశ్రమమే మంచి ఆశ్రమం.

పిల్లలతో ఫోటోలు దిగి వాట్సాప్‌లో పెట్టకండి. అలాంటి పిల్లల ఆనవాళ్ళు బయటపెట్టడం చట్టరీత్యా తప్పు. చట్టం మాట అటుంచి, మన పిల్ల కంచం ముందు కూర్చుని ఉండగా ఎవరో ఫోటో తీసి ఊరంతా చూపిస్తే మనకెలా ఉంటుంది?

ఇంట్లో ఏమంటారో

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని ఎవరో ఒకరు అంటారు. తప్పుపట్టకండి. అందులోనూ నిజం ఉంది. మంచం మీద ఉన్న మామగారికి మందు వెయ్యకుండా వృద్ధాశ్రమంలో సేవ చెయ్యడం ఏం సేవ? ఇంటి అవసరం చూసుకున్నాక మిగిలిన సమయమే ఇవ్వండి, ఆ సమయం ఎంతో ముందే ఇంట్లో చెప్పండి. "శనివారం రెండు నుంచి నాలుగు నేను ఉండను, టీ ఫ్లాస్కులో ఉంటుంది" అంటే చాలు. కొన్నాళ్ళకి వాళ్ళే "ఇవాళ శనివారం కదా, ఇంకా బయల్దేరలేదేం?" అంటారు. మా ఇంట్లో అదే జరిగింది.

ఉత్తరం రాసిన చెల్లెలూ, నీకు ఈ వారానికి ఒకే పని. మీ ఊళ్ళో ఏదో ఒక ఆశ్రమానికో, బడికో, రక్తనిధికో ఫోను చెయ్యి. మూడు ప్రశ్నలు అడుగు. ఏం కావాలి? ఎప్పుడు కావాలి? ఏం వద్దు? మూడోది మరిచిపోకు, దానికే వాళ్ళు మనస్ఫూర్తిగా జవాబు చెప్తారు. తర్వాత నీకు ఎంత వీలవుతుందో అంతే చెప్పు. చెప్పింది చెయ్యి.

ఆ పదేళ్ళ పిల్ల సంగతి చెప్పలేదు కదూ. నేను నెలకి రెండు శనివారాలు వెళ్ళడం మొదలుపెట్టాను. లెక్కలు నాకూ అంతంతమాత్రమే. చిన్నపిల్లలకి ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ, పేలు చూస్తూ కూర్చునేదాన్ని. ఆ పిల్ల దూరంగా స్తంభానికి ఆనుకుని చూస్తూ ఉండేది. ఆరు శనివారాలు గడిచాయి. ఏడో శనివారం దువ్వెన పట్టుకుని వచ్చి, ఏమీ మాట్లాడకుండా నా ముందు కూర్చుంది.

నేనూ ఏమీ మాట్లాడలేదు. జడ వేశాను.